అయస్కాంతం తిరగబడే క్షణం

ఈ స్వర్ణోత్సవ సంచిక కోసం పాత జ్ఞాపకాలు పోగుచేస్తున్నప్పుడు మా బ్యాచి మిత్రుడొకరు అటక మీది పెట్టె దులిపి ఒక ఆడియో క్యాసెట్ పట్టుకొచ్చారు. స్కూలు వార్షికోత్సవం నాడు రికార్డు చేసిన క్యాసెట్ అది. పనిచేసే టేప్ రికార్డరు దొరకడానికే నాలుగు రోజులు పట్టింది. తీరా పెట్టి చూస్తే, గరగరమనే చప్పుడు మధ్య నుంచి హెడ్‌మాస్టరుగారి గొంతు వినిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చుట్టూ కూర్చున్న అందరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

ఆ గొంతును ఇన్నేళ్ళు మోసింది ప్లాస్టిక్ రిబ్బను మీద పూసిన ఇనుప ఆక్సైడు పొడి. అందులోని ప్రతి రేణువూ ఒక బుల్లి అయస్కాంతం. ఎనిమిదో తరగతిలో మనం ఏకస్పర్శా పద్ధతి, ద్విస్పర్శా పద్ధతి అంటూ సూదిని దండాయస్కాంతంతో రుద్ది అయస్కాంతంగా మార్చిన ప్రయోగమే అక్కడ లక్షల రెట్లు చిన్నగా, లక్షల సార్లు జరిగింది. వేడి చేస్తే, సుత్తితో కొడితే అయస్కాంతత్వం పోతుందని కూడా ఆ పాఠంలోనే రాసుకున్నాం. సైన్సు గదిలో దండాయస్కాంతాలను చెక్కపెట్టెలో జంటగా, చివర్లకు మెత్తని ఇనుప ముక్కలు తగిలించి ఎందుకు పెడతారో కూడా చెప్పుకున్నాం.

ఒక్క ప్రశ్న మాత్రం మేమెవరం అడగలేదు. ఉత్తర ధ్రువం దక్షిణ ధ్రువంగా మారడానికి ఎంతసేపు పడుతుంది? దాదాపు నూట ముప్పై ఏళ్ళుగా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నారు. మన ఫోన్లు, కంప్యూటర్లు, బ్యాంకు ఖాతాలు ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ కథ ఇది.

టోక్యోలో మొదలైన మాట

1878లో జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ యూయింగ్ అనే స్కాట్లండు యువకుడు టోక్యోలో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. అక్కడ ఇనుమును అయస్కాంతీకరించి, క్షేత్రాన్ని తగ్గిస్తూ పెంచుతూ కొలతలు తీశారు. క్షేత్రం మారినంత తేలిగ్గా ఇనుము మారడం లేదు, వెనకబడుతోంది. వెనకబడటం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆయన దానికి హిస్టరిసిస్ అని పేరు పెట్టారు. ఇంటర్‌లో మనం గీసిన వలయం అదే. ఇనుముకు జ్ఞాపకం ఉండటానికి కారణం ఈ వెనకబాటే. క్షేత్రం తీసేసినా కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదే రికార్డింగు.

ఎందుకు వెనకబడుతోందో తెలుసుకోడానికి 1890లో యూయింగ్ ఒక నమూనా తయారుచేశారు. చిన్న చిన్న దిక్సూచి ముళ్ళను వరసలుగా పేర్చి, చుట్టూ తీగచుట్టలోకి కరెంటు పంపారు. ముళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని కొంతసేపు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా గుంపుగా తిరిగాయి. ఇవాళ సూపర్ కంప్యూటర్లు చేసేది కూడా ఇదే పని. ముళ్ళు పోయి అంకెలు వచ్చాయి, అంతే తేడా.

ఇంకోవైపు డెన్మార్కులో వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగ మీద గొంతును అయస్కాంతంగా నిలిపే యంత్రానికి పేటెంటు కోరారు. 1900 పారిస్ ప్రదర్శనలో దాన్ని చూపించినప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్స్ జోసెఫ్ అందులో మాట్లాడారు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. మన క్యాసెట్‌కు ముత్తాత ఆ తీగే.

1907లో పియర్ వైస్ మరో మెట్టు ఎక్కించారు. ఇనుములో పరమాణు అయస్కాంతాలు వాటంతటవే ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయని, అయితే ముక్క మొత్తం కాకుండా డొమైన్లనే చిన్న చిన్న ప్రాంతాలుగా విడిపోయి ఉంటాయని ఊహించారు. 1919లో జర్మనీలో హైన్రిష్ బార్క్‌హౌజెన్ ఆ ఊహకు ఒక విధంగా చెవులిచ్చారు. ఇనుము చుట్టూ తీగచుట్ట చుట్టి, యాంప్లిఫయరుకు కలిపి, మెల్లగా అయస్కాంతీకరిస్తే టకటక చప్పుళ్ళు వినిపించాయి. మార్పు ధారగా కాకుండా గెంతులుగా జరుగుతోందని అందరికీ తెలిసింది. ఒక్కో గెంతు ఎంతసేపు పడుతుందో మాత్రం ఇంకా తెలియలేదు.

బొంగరం సమీకరణం

1935లో ఖార్కోవ్‌లో పనిచేస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆ ప్రశ్నకు సమీకరణం రాశారు. లెవ్ లాండౌకు అప్పుడు 27 ఏళ్ళు, ఎవ్‌గెనీ లిఫ్షిట్జ్‌కు 20.

వారి ఆలోచనను బొంగరంతో చెప్పుకోవచ్చు. తిరగని బొంగరాన్ని నిలబెడితే పడిపోతుంది. తిరిగే బొంగరం వాలినా పడకుండా తల గుండ్రంగా తిప్పుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని పురస్సరణం అంటారు. పరమాణు అయస్కాంతత్వానికి మూలం ఎలక్ట్రాన్ స్పిన్, అంటే అది కూడా బొంగరం లాంటిదే. కాబట్టి క్షేత్రం పెట్టగానే అయస్కాంతం దిక్సూచి ముల్లులా నేరుగా అటు తిరగదు. క్షేత్రం చుట్టూ గిరగిరా తిరుగుతుంది. ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకు సుమారు 2,800 కోట్ల చుట్లు. ఒక్క చుట్టుకు దాదాపు 36 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు.

ఇలా తిరుగుతూనే ఉంటే అది ఎప్పటికీ క్షేత్రం దిక్కుకు చేరదు. అందుకని లాండౌ, లిఫ్షిట్జ్ రెండో పదం కలిపారు. శక్తి కొద్దికొద్దిగా వేడిగా జారిపోతుంటే బొంగరం చుట్టు చుట్టుకూ క్షేత్రానికి దగ్గరవుతుంది. మొదటి పదం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. రెండోదానికి, అంటే అవరోధానికి, లోతైన సిద్ధాంతం అప్పట్లో లేదు. ఏదో ఒక రాపిడి ఉండి తీరాలి కాబట్టి పెట్టారు. తర్వాతి గొడవలన్నీ ఈ రెండో పదం దగ్గరే వచ్చాయి.

ఇరవయ్యేళ్ళ తర్వాత ఒక పేరా

1950లలో ఈ సమీకరణం కాగితం మీది నుంచి యంత్రాల్లోకి వచ్చింది. 1953లో ఎంఐటీలోని వర్ల్‌విండ్ కంప్యూటరుకు ఫెరైటు ఉంగరాల మెమరీ అమర్చారు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. అది తిరగడానికి మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతుల లెక్కలో సమయం పట్టేది. అయస్కాంతం ఎంత త్వరగా తిరిగితే కంప్యూటరు అంత త్వరగా పనిచేస్తుంది. 1956లో ఐబీఎం రామాక్ వచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు 50, వాటి మీద దాదాపు 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోనులో ఒక ఫోటోకే అంత చోటు కావాలి.

ఈ హడావిడిలో, చికాగోలోని ఆర్మర్ పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న టి. ఎల్. గిల్బర్ట్‌కు ఒక చిక్కు ఎదురైంది. పలుచని పర్మల్లాయ్ రేకుల్లో అవరోధం ఊహించినదానికంటే బాగా ఎక్కువగా కనిపించింది. లాండౌ-లిఫ్షిట్జ్ సమీకరణంలో రాపిడిని పెంచుకుంటూ పోతే అయస్కాంతం అంతకంతకూ వేగంగా తిరుగుతుందని లెక్క వస్తుంది. ఇది లోకంలో జరిగేది కాదు. తక్కెడ ముల్లును చూడండి. రాపిడి మరీ తక్కువైతే అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. మరీ ఎక్కువైతే ఆముదంలో ముంచినట్టు ఈడ్చుకుంటూ కదులుతుంది. వేగంగా నిలబడాలంటే రాపిడి సరిపడా ఉండాలి.

గిల్బర్ట్ రాపిడిని అయస్కాంతత్వం కదిలే వేగానికి ముడిపెట్టి ఆ పదాన్ని తిరగరాశారు. రాపిడి తక్కువగా ఉన్నప్పుడు రెండు సమీకరణాలూ ఒకే జవాబు ఇస్తాయి. ఎక్కువైనప్పుడు గిల్బర్ట్‌ది లోకరీతికి సరిపోతుంది. మరుసటి ఏడాదే కికూచి ఈ లెక్కతో అతి తక్కువ సమయంలో తిరగడానికి ఎంత అవరోధం కావాలో తేల్చారు. గోళాకారపు ముక్కకు ఒక అంకె, పలుచని రేకుకు దానిలో సుమారు నూరో వంతు.

విచిత్రం ఏమిటంటే, 1955లో గిల్బర్ట్ ఈ సంగతిని సమావేశంలో చెప్పినప్పుడు అచ్చయింది సారాంశం మాత్రమే. పూర్తి నివేదిక అచ్చుకాకుండా ఉండిపోయింది. ప్రపంచమంతా ఆ చిన్న సారాంశాన్నే ఉదహరిస్తూ వచ్చింది. పూర్తి వ్యాసం పత్రికలో వచ్చింది 2004లో, దాదాపు అర్ధశతాబ్దం తర్వాత. అప్పటికే ఆ సమీకరణాన్ని అందరూ లాండౌ-లిఫ్షిట్జ్-గిల్బర్ట్ అని పిలుస్తున్నారు. మన బడికి వచ్చిన ఈ స్వర్ణోత్సవమంత కాలం ఆ వ్యాసం అచ్చు కోసం ఎదురుచూసిందన్నమాట.

వేడి అనే శత్రువు

వేడి చేస్తే అయస్కాంతత్వం పోతుందని మనం రాసుకున్నాం కదా. గది ఉష్ణోగ్రత కూడా వేడే. 1948లో లీడ్స్‌లో స్టోనర్, వోల్‌ఫార్త్ ఒకే డొమైను ఉన్న చిన్న రేణువు ఎలా తిరగబడుతుందో లెక్కగట్టారు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో లూయీ నీల్, అలాంటి రేణువు మరీ చిన్నదైతే బయటి క్షేత్రం లేకుండానే, వేడి కుదుపులకే తిరగబడుతుందని చూపించారు. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ లెక్క భయం పుట్టిస్తుంది. రేణువును తన దిక్కున నిలిపే శక్తి, గది వేడి కుదుపు శక్తికి 60 రెట్లు ఉందనుకుందాం. ఆ కుదుపులు సెకనుకు వంద కోట్ల సార్లు ప్రయత్నిస్తాయనుకుందాం. రేణువు సగటున 360 కోట్ల సంవత్సరాలు నిలుస్తుంది. ఇప్పుడు అదే రేణువు పరిమాణాన్ని సగం చేయండి. శక్తి 30 రెట్లకు తగ్గుతుంది. నిలిచే కాలం ఎంతనుకుంటున్నారు? మూడు గంటలు. భూమి వయసుకు దగ్గరగా ఉన్న ఆయుష్షు ఒక సినిమా నిడివికి పడిపోయింది.

1963లో విలియం ఫుల్లర్ బ్రౌన్ ఈ వేడి కుదుపులను బొంగరం సమీకరణంలోనే కలిపారు. అదే ఏడాది మైక్రోమాగ్నెటిక్స్ అనే తన పుస్తకంతో ఈ శాస్త్రానికి పేరు స్థిరపరిచారు. 1997లో చరాప్, లూ, హే అనే ముగ్గురు ఇలాంటి లెక్కలు కట్టి, అప్పటి పద్ధతిలో చదరపు అంగుళానికి సుమారు 3,600 కోట్ల బిట్ల దగ్గర హార్డ్ డిస్కులు ఆగిపోతాయని హెచ్చరించారు. ఆ హద్దు దాటిపోయింది, హద్దును ముందే చూపించిన లెక్క వల్లే దాటగలిగారు. జపాన్‌లో షున్-ఇచి ఇవాసాకి 1970లలోనే ప్రతిపాదించిన నిలువు రికార్డింగు 2005లో తోషిబా డిస్కులతో బజారుకు వచ్చింది. పడుకోబెట్టిన అయస్కాంతాలను నిలబెట్టారు, అదే చోట ఎక్కువ పట్టాయి.

జవాబులు కలవని రోజులు

1980లలో కంప్యూటర్లు బలపడ్డాక యూయింగ్ బల్ల మీది ముళ్ళు అంకెలయ్యాయి. 1988లో జూ, బెర్ట్రామ్ డిస్కు పూతను రేణువుల గడులుగా పేర్చి, ప్రతి రేణువుకూ ఒక బాణం గుర్తు ఇచ్చి, అన్నీ ఒకదాన్నొకటి లాగుతుండగా ఏం జరుగుతుందో లెక్కించారు.

ఇక అంతా తేలికే అనుకునే వేళకు ఒక మంచి పని జరిగింది. 1990లలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆధ్వర్యంలో ఈ రంగంవారు ఒకే లెక్కను అందరికీ ఇచ్చారు. రెండు మైక్రాన్ల పొడవు, ఒక మైక్రాన్ వెడల్పు, 20 నానోమీటర్ల మందం ఉన్న పర్మల్లాయ్ ముక్క ఎలా తిరగబడుతుందో చెప్పమన్నారు. పేర్లు బయటపెట్టకుండా జవాబులు తీసుకున్నారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. సమీకరణం ఒకటే, పదార్థం ఒకటే, జవాబులు మాత్రం తలో దారి.

పరీక్ష పేపర్లు దిద్దిన గురువులకు ఈ పరిస్థితి బాగా తెలుసు. అందరూ ఒకే సూత్రం రాసి, తలా ఒక జవాబు తెస్తే, తప్పు సూత్రంలో లేదు, మధ్య మెట్లలో ఉంది. గడి మరీ పెద్దదిగా తీసుకోవడం, ముక్క తనమీద తాను చూపే అయస్కాంత ప్రభావాన్ని సరిగా కూడకపోవడం లాంటివి బయటపడతాయి. వాళ్ళు ఆ ఫలితాలను దాచలేదు, అందరికీ చూపించారు. తర్వాత మరికొన్ని ప్రామాణిక లెక్కలు పెట్టారు. 500 నానోమీటర్ల పొడవు, 125 వెడల్పు, 3 మందం ఉన్న ముక్క ఎంత వేగంగా తిరుగుతుందన్నది అందులో నాలుగోది. నిస్ట్‌లోనే తయారై ఉచితంగా పంచిన ఊమ్ఫ్ అనే ప్రోగ్రాము సహా, ఇవాళ కొత్త ప్రోగ్రాము రాసినవారెవరైనా ముందు ఈ లెక్క చేసి చూపించాలి. ఈ రంగానికి ఇది పబ్లిక్ పరీక్ష.

బొంగరం చాలని చోట

లెక్కలు కుదుటపడే సమయానికి ప్రయోగాలు కొత్త దెబ్బ కొట్టాయి.

1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో బోరెపేర్, బిగో తదితరులు పలుచని నికెల్ పొర మీద 60 ఫెమ్టోసెకన్ల లేజర్ మెరుపు కొట్టారు. ఫెమ్టోసెకను పికోసెకనులో వెయ్యో వంతు. మొదటి పికోసెకనులోనే అయస్కాంతత్వం గబుక్కున పడిపోయింది. బొంగరం సమీకరణంలో బాణం తిరుగుతుందే గాని పొట్టిది కాదు. ఇక్కడ బాణమే కుంచించుకుపోయింది. ఎలక్ట్రాన్లకు, స్పిన్‌లకు, జాలకానికి వేరువేరు ఉష్ణోగ్రతలు ఉంటాయనుకుంటేనే ఫలితం అర్థమైంది. ఆ మరుసటి ఏడాది గరానిన్ బాణం పొడవు కూడా మారే కొత్త సమీకరణం ఇచ్చారు. ఒక్కో పరమాణువునూ విడివిడిగా లెక్కించే నమూనాలూ వాడుకలోకి వచ్చాయి.

ఇంకో దెబ్బ కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ త్వరణయంత్రం నుంచి వచ్చింది. కాంతి వేగానికి దగ్గరగా పోయే ఎలక్ట్రాన్ల గుంపు తన చుట్టూ కొద్ది పికోసెకన్లు మాత్రమే ఉండే బలమైన క్షేత్రం మోసుకెళ్తుంది. 1999లో కోబాల్టు పొరల మీద ఆ దెబ్బ గుర్తులు సమీకరణంతో బాగా కలిశాయి. క్షేత్రాన్ని ఎదురుగా కాకుండా అడ్డంగా పెడితే బొంగరం తన తిరుగుడుతోనే తలకిందులవుతుందని రుజువైంది. 2004లో మాత్రం నిజమైన రికార్డింగు పూత మీద 2.3 పికోసెకన్ల దెబ్బ వేస్తే, మళ్ళీ మళ్ళీ కొట్టినప్పుడు రేణువులు చెప్పిన మాట వినలేదు. కొన్ని తిరిగాయి, కొన్ని తిరగలేదు. క్షేత్రంతో రాసే వేగానికి అక్కడొక హద్దు ఉందని తెలిసింది.

అప్పుడు పాత శత్రువే మిత్రుడై వచ్చింది. 2007లో నెదర్లాండ్సులోని నైమెఖెన్ బృందం గడోలినియం, ఇనుము, కోబాల్టు కలిసిన మిశ్రమాన్ని 40 ఫెమ్టోసెకన్ల కాంతి మెరుపులతో, బయటి క్షేత్రం లేకుండానే తిరగేసింది. 2012లో ఇంగ్లండులోని యార్క్‌లో ఆస్‌లర్, చాంట్రెల్ తదితరుల పరమాణు నమూనా అంతకంటే వింత సంగతి చెప్పింది. కాంతి మెలిక కూడా అక్కర్లేదు, క్షణకాలపు వేడి ఒక్కటి చాలు, ఈ మిశ్రమం ప్రతిసారీ తిరగబడుతుందని. ప్రయోగం చేసి చూస్తే అలాగే జరిగింది. ఇనుము, గడోలినియం వేరువేరు వేగాలతో అయస్కాంతత్వం కోల్పోవడంలోనే కిటుకు ఉంది.

హార్డ్ డిస్కుల్లోనూ వేడి చోటు సంపాదించింది. గది వేడికి చలించని ఇనుము-ప్లాటినం రేణువులు వాడతారు. రాసేటప్పుడు మాత్రం చిన్న చుక్కను లేజరుతో నానోసెకను పాటు బాగా వేడిచేసి, మెత్తబడగానే రాసి, చల్లారనిస్తారు. సీగేట్ ఇలాంటి 30 టెరాబైట్ల డిస్కులను 2024 జనవరిలో ప్రకటించింది. రామాక్‌లో చదరపు అంగుళానికి 2,000 బిట్లు. ఇప్పుడు లక్ష కోట్లకు పైనే. అంటే 50 కోట్ల రెట్లు. ఒక్కో బిట్ రాయడానికి నానోసెకను కూడా పట్టదు.

మన క్యాసెట్ సంగతి

హెడ్‌మాస్టరుగారి గొంతును కంప్యూటరులోకి ఎక్కించాం. ఇంకో రెండు నకళ్ళు తీసి వేరువేరు ఇళ్ళలో పెట్టాం. పెద్ద రేణువుల టేపు కాబట్టి అది ఇన్నేళ్ళు ఓపిక పట్టింది. ఏ పదార్థానికైనా హద్దు ఉంటుంది. చిన్నగా, వేగంగా, చిరకాలం అన్న మూడు కోరికలు ఒకేసారి తీరవని ఈ చరిత్ర చెబుతోంది. మీ ఇళ్ళలోని పాత క్యాసెట్లు, ఫ్లాపీలు, ఫోటోల డిస్కులు ఉంటే ఈ సెలవుల్లోనే బయటికి తీయండి, నకలు తీయండి.

ఇంకొక మాట గురువులకు. వేడి చేస్తే అయస్కాంతత్వం పోతుందన్న వాక్యం ఇప్పటికీ పాఠంలో ఉంది, అది నిజమే. ఆ వాక్యాన్ని పట్టుకుని, ఎంతసేపట్లో పోతుంది, ఎందుకు పోతుంది, పోయినది తిరిగి ఎటు వస్తుంది అని అడిగినవారే ఈ చరిత్ర రాశారు. వారు కట్టిన నమూనా ప్రతిదీ ఏదో ఒక ప్రయోగం దగ్గర తప్పింది. తప్పిన చోటే తర్వాతి నమూనా మొదలైంది. సైన్సు గదిలో ఆ చెక్కపెట్టె ఇంకా ఉంటే, ఈసారి ఎవరైనా పిల్లవాడు చేయెత్తి ఎంతసేపు పడుతుంది సార్ అని అడిగితే, దయచేసి కూర్చోమనకండి.